ఇన్సులిన్ పెంచినా తగ్గని దాహం: మూడు జబ్బులున్న ఒక పిల్లి కేసు

షుగర్ ఉన్న పిల్లి నీళ్లు ఎక్కువగా తాగుతుంటే షుగర్ అదుపులో లేదనుకుంటాం. చాలాసార్లు అది నిజమే. అదే పిల్లికి కిడ్నీ జబ్బు, దాని వెనక ఎవరూ గమనించని ఇంకో జబ్బు కూడా ఉంటే మాత్రం, నీళ్ల గిన్నెను చూసి ఇన్సులిన్ పెంచుకుంటూ పోవడం ప్రాణం మీదికి తెస్తుంది. అలాంటి పిల్లి కథ ఇది. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలన్నీ తీసేశాను.

నేపథ్యం

13 ఏళ్ల మగపిల్లి. చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఇల్లు దాటి బయటికి వెళ్లదు. ఒకప్పుడు 6 కిలోలకు పైగా ఉండేది. ఏడాది క్రితం వేరే చోట షుగర్ బయటపడింది. గ్లార్జిన్ ఇన్సులిన్ పూటకు 1 యూనిట్‌తో మొదలుపెట్టారు, పిల్లుల్లో మామూలుగా మొదలుపెట్టే మోతాదే అది. తర్వాత చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ క్లినిక్‌లో గ్లూకోజ్ ఎక్కువగా వచ్చింది, మోతాదు కొంచెం కొంచెంగా పెరిగింది. మా దగ్గరికి వచ్చేసరికి పూటకు 5 యూనిట్లు, రోజుకు రెండుసార్లు. ఈ మధ్యలోనే క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి వడకట్టాల్సిన వ్యర్థం) 2.1 ఉందని, కిడ్నీ జబ్బు రెండో దశలో ఉందని కూడా తేలింది.

ఇంట్లో ఇద్దరు, భార్యాభర్తలు. ఆయనది షిఫ్టుల ఉద్యోగం, కాబట్టి ఇంజెక్షన్ల బాధ్యత ఎక్కువగా ఆవిడదే. ఆవిడ చేతిలో ఒక నోటు పుస్తకం. ఏ పూట ఎంత ఇన్సులిన్ ఇచ్చారో, పిల్లి ఎంత తిందో, ఎప్పుడు కక్కిందో అన్నీ రాసి ఉన్నాయి. ఇలాంటి పుస్తకం దొరికితే సగం రక్తపరీక్షలు దొరికినట్టే.

వచ్చినప్పటి సమస్య

"మందు ఎంత పెంచినా నీళ్లు తాగడం తగ్గట్లేదండీ. తిండి మాత్రం ఆవురావురుమని తింటోంది, అయినా చిక్కిపోతోంది" అన్నారావిడ. బరువు 4.1 కిలోలు. వెన్నెముక చేతికి తగులుతోంది. వెనక కాళ్లు మడమల దాకా నేలకానించి నడుస్తోంది, ఎక్కువ కాలం షుగర్ అదుపులో లేని పిల్లుల్లో నరాలు దెబ్బతిని ఇలా అవుతుంది. వారంలో రెండుమూడుసార్లు వాంతి.

నోటు పుస్తకంలో ఒక మూల చిన్న అక్షరాలతో ఇంకో విషయం కనిపించింది. ఒకరోజు తెల్లవారుజామున పిల్లి తూలిపోయి నిలబడలేకపోయింది, కాసేపటికి అన్నం పెట్టగానే కోలుకుంది. ముసలితనం అనుకుని వాళ్లు ఎవరికీ చెప్పలేదు. ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదేనని నా అభిప్రాయం. ఇన్సులిన్ మీద ఉన్న పిల్లి తూలి, తినగానే తేరుకుందంటే, రుజువయ్యేదాకా దాన్ని షుగర్ పడిపోవడంగానే చూడాలి.

ఒకవైపు మందు చాలట్లేదని చెప్పే లక్షణాలు, ఇంకోవైపు మందు ఎక్కువైందని చెప్పే సంఘటన. రెండూ ఒకే పిల్లిలో.

పరీక్షల్లో ఏం తేలింది

మోతాదు పెంచినా పని చేయకపోతే మొదట సీసాను, సిరంజీని చూడాలి, జబ్బుల సంగతి ఆ తర్వాత. గ్లార్జిన్ యూ-100 ఇన్సులిన్, అంటే మిల్లీలీటరుకు 100 యూనిట్లు. జంతువుల కోసం వచ్చే కొన్ని ఇన్సులిన్లు యూ-40. సిరంజీ తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు ఎక్కువో తక్కువో అయిపోతుంది. ఆవిడను మా ముందే సెలైన్‌తో ఒక ఇంజెక్షన్ ఇచ్చి చూపించమన్నాం. సిరంజీ సరైనదే, చెయ్యి కూడా సరిగానే తిరిగింది. సీసా కూడా పాతది కాదు.

స్టెరాయిడ్లు ఏవీ వాడట్లేదు. పళ్ల మీద కొంచెం గార ఉంది కానీ చిగుళ్లలో చీము లేదు. మూత్రం కల్చర్‌లో బ్యాక్టీరియా పెరగలేదు. కీటోన్లు (ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగేటప్పుడు పేరుకునే ఆమ్లాలు) లేవు. మూత్రం సాంద్రత 1.018. మూత్రంలో గ్లూకోజ్ ఉంటే సాంద్రత కాస్త ఎక్కువగా కనిపిస్తుంది, అంటే అసలు సాంద్రత ఇంకా తక్కువే. కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరచలేకపోతున్నాయి.

గ్లూకోజ్ మీటరులో 410, అదే రక్తం ల్యాబ్‌లో 372 (డెసిలీటరుకు మిల్లీగ్రాములు). తేడాకు కారణం రక్తహీనత. ఎర్రకణాల శాతం 27కి పడిపోయింది. ఎర్రకణాలు తక్కువున్నప్పుడు చేతి మీటర్లు గ్లూకోజ్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. కిడ్నీ జబ్బున్న పిల్లుల్లో రక్తహీనత మామూలే కాబట్టి ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం.

ఇక ఫ్రక్టోసమీన్. గడిచిన రెండుమూడు వారాల్లో గ్లూకోజ్ సగటున ఎలా ఉందో చెప్పే పరీక్ష ఇది. షుగర్ బాగానే అదుపులో ఉన్న పిల్లికి ఎంత వస్తుందో దీనికీ అంతే వచ్చింది. క్లినిక్‌లో 400 దగ్గర, ఫ్రక్టోసమీన్ చూస్తే బాగానే ఉంది. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, క్లినిక్‌లో కనిపించే అంకె భయం వల్ల పెరిగింది. కంగారుపడిన పిల్లికి గ్లూకోజ్ నిమిషాల్లో 300 దాటడం కొత్తేమీ కాదు. రెండు, ఒంట్లో ప్రొటీన్లు మామూలు కంటే వేగంగా కరిగిపోతూ ఫ్రక్టోసమీన్ తప్పుగా తక్కువ వస్తోంది. ఆ రెండోదానికి బాగా తెలిసిన కారణం థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం.

ఆ ఆలోచనతో మెడను మళ్లీ తడిమితే ఎడమవైపు చిన్న గడ్డ జారుతూ తగిలింది. థైరాయిడ్ హార్మోన్‌ను కొలిచే టీ4 పరీక్షలో 3.4 వచ్చింది. మా ల్యాబ్ పరిధి 0.8 నుంచి 4.7, కాబట్టి రిపోర్టు మీద "నార్మల్" అని ఉంది. కానీ షుగరు, కిడ్నీ జబ్బు ఉన్న ముసలి పిల్లికి టీ4 కిందికి దిగాలి. వేరే జబ్బు ఉన్నప్పుడు థైరాయిడ్ హార్మోన్ అణిగి ఉంటుంది. ఇంత జబ్బులో కూడా పరిధి పైసగంలో ఉందంటే అది నార్మల్ కాదు, దాక్కున్న హైపర్‌థైరాయిడ్. ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పని చేయించే హార్మోన్, థైరాయిడ్ ఎక్కువైతే ఇది పడిపోతుంది) కలిపి చేయించాం. ఫ్రీ టీ4 ఎక్కువ, టీఎస్‌హెచ్ దొరకనంత తక్కువ. ఫ్రీ టీ4 ఒక్కటే అయితే నేను నమ్మేవాణ్ని కాదు, వేరే జబ్బులున్న పిల్లుల్లో అది ఊరికే పెరిగి కనిపించే సందర్భాలున్నాయి. రెండూ కలిస్తేనే అర్థం.

బీపీ నిశ్శబ్దంగా ఉన్న గదిలో, మొదటి కొలతలు వదిలేసి చూసినా 170 దాటింది. కంటి లోపలి పొర మాత్రం దెబ్బతినలేదు, అదృష్టం.

మొదటి నిర్ణయం: ఇన్సులిన్ తగ్గించడం

థైరాయిడ్ రిపోర్టులు రాకముందే మోతాదు 5 నుంచి 3 యూనిట్లకు తగ్గించాం. "అయిదు ఇస్తేనే తగ్గట్లేదు కదండీ, మూడిస్తే ఎలా?" అని ఆవిడ అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. నేను చెప్పింది ఇది: తిండి తింటూ, కీటోన్లు లేని పిల్లికి కొన్నాళ్లు షుగర్ ఎక్కువున్నా తట్టుకుంటుంది. తక్కువైతే గంటల్లో ప్రాణం పోవచ్చు. పైగా ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తీసేసే పనిలో కిడ్నీలకు పెద్ద భాగం ఉంది. అవి మందగించిన కొద్దీ ఇచ్చిన మందు ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంట్లో కీటోన్ స్ట్రిప్పులు పెట్టుకుని, మూత్రంలో ముంచిన స్ట్రిప్పు రంగు మారితే వెంటనే ఫోన్ చేయమన్నాం.

గ్లూకోజ్ ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి మొదట పగలంతా క్లినిక్‌లో ఉంచి గంటగంటకీ చూశాం. అది పనికిరాలేదు. పిల్లి తిండి ముట్టలేదు, బోనులో మూల నక్కింది, గ్రాఫ్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా 400 దగ్గర చదునుగా నడిచింది. దాన్ని నమ్మి ఉంటే మోతాదు మళ్లీ 5కు పోయేది.

అందుకే భుజాల మధ్య వెంట్రుకలు తీసి, మనుషులు వాడే గ్లూకోజ్ సెన్సర్ అంటించి ఇంటికి పంపాం. రెండు వారాలు పని చేయాల్సింది, పిల్లుల్లో చాలాసార్లు ముందే ఊడిపోతుంది. ఇదీ పూర్తిగా నిలవలేదు గానీ కావాల్సింది చెప్పింది. ఇంట్లో 3 యూనిట్ల మీద గ్లూకోజ్ 150 నుంచి 330 మధ్య తిరుగుతోంది, తెల్లవారుజామున 85 దాకా దిగుతోంది. అంటే 5 యూనిట్ల మీద ఆ వేళకు ఎక్కడికి దిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. సెన్సర్ కొలిచేది చర్మం కింది ద్రవాన్ని కాబట్టి కింది అంకెల దగ్గర తప్పు చూపే అవకాశం ఉంది. 80 కంటే తక్కువ చూపితే చెవి అంచున గుచ్చి మీటరులో సరిచూడమన్నాం, ఆ మీటరు కూడా రక్తహీనత వల్ల కాస్త ఎక్కువే చూపుతుందని గుర్తుంచుకోమన్నాం.

అదే సమయంలో ఆవిడను నీళ్లు కూడా కొలవమన్నాం. గిన్నెను వంటింటి తూకం మీద పెట్టి, పోసినప్పుడు ఎంత, మర్నాడు ఎంత అని. రోజుకు దాదాపు 400 మిల్లీలీటర్లు, కిలోకు 100 చొప్పున. పిల్లుల్లో గ్లూకోజ్ సుమారు 270 దాటితేనే మూత్రంలోకి కారి దాహం పెంచుతుంది. ఇక్కడ మాత్రం రోజంతా గ్లూకోజ్ ఆ గీత కిందే ఉన్న రోజుల్లోనూ నీళ్లు తగ్గలేదు. ఎక్కువున్న రోజూ 400, తక్కువున్న రోజూ 400. అక్కడ తేలిపోయింది, ఈ దాహంలో ఎక్కువ భాగం షుగర్‌ది కాదు. కిడ్నీది, థైరాయిడ్‌ది. ఏడాదిపాటు ఇన్సులిన్ ఆ దాహం వెంట పరుగెత్తింది.

తిండి దగ్గర వచ్చిన చిక్కు

షుగర్‌కు ప్రొటీన్ ఎక్కువ, పిండిపదార్థం తక్కువ ఉన్న తడి తిండి కావాలి. కిడ్నీ తిండిలో ఫాస్ఫరస్, ప్రొటీన్ తగ్గిస్తారు, ఆ లోటు చాలావరకు పిండిపదార్థంతో, కొవ్వుతో నింపుతారు. ఫాస్ఫరస్ 5.4 ఉండటంతో, రెండో దశలో 4.6 లోపు ఉంచాలన్న లక్ష్యం ప్రకారం కిడ్నీ తిండి వైపు మొగ్గాం. పిల్లి సగం తిని వదిలేసింది. తిన్న రోజుల్లో గ్లూకోజ్ 350 దాటింది. సగం తిండి, పూర్తి ఇన్సులిన్ అనేది అన్నిటికంటే చెడ్డ కలయిక, కొద్ది రోజులకే ఆపేశాం.

తర్వాత ఇలా ఆలోచించాం. కండ కరిగిపోతున్న పిల్లికి ప్రొటీన్ తగ్గిస్తే ఇంకా కరుగుతుంది. క్రియాటినిన్ కండ నుంచి పుట్టేదే కాబట్టి కండ పోయేకొద్దీ ఆ అంకె బాగున్నట్టు కనిపించి మోసం చేస్తుంది. కాబట్టి తిండి షుగర్‌కు తగ్గట్టు పెట్టి, ఫాస్ఫరస్ సంగతి వేరే దారిలో చూడాలి. పిండిపదార్థం తక్కువున్న తడి తిండిలోనే ఫాస్ఫరస్ తక్కువున్న రకాలు ఏరి, ఫాస్ఫరస్‌ను పేగులోనే పట్టి ఉంచే పొడి కలిపి పెట్టాం. కొన్ని వారాలకు 4.5కు వచ్చింది. ఏ తిండి మంచిదని అడిగితే, అది తినే తిండే మంచిదని చెబుతాను. ఇన్సులిన్ మీద ఉన్న పిల్లి విషయంలో ఇది మరీ నిజం.

థైరాయిడ్ మందు, భయపడుతూనే

థైరాయిడ్‌కు మందు ఇస్తే రెండు జరుగుతాయని ముందే తెలుసు. థైరాయిడ్ ఎక్కువున్నప్పుడు కిడ్నీలకు రక్తం వేగంగా పారుతుంది, జబ్బు కప్పబడి ఉంటుంది. మందు పడగానే ఆ ముసుగు తొలగి క్రియాటినిన్ పెరుగుతుంది. రెండోది, థైరాయిడ్ వల్ల ఇన్సులిన్ సరిగా పని చేయట్లేదు, అది తగ్గగానే అదే మోతాదు ఎక్కువైపోతుంది.

రేడియో అయోడిన్ (థైరాయిడ్ గడ్డను చంపే రేడియోధార్మిక మందు) గురించి మాట్లాడుకున్నాం. శాశ్వత పరిష్కారం అదే. కానీ వెనక్కి తీసుకోలేనిది. కిడ్నీలు ఏ మేరకు తట్టుకుంటాయో తెలియకుండా అక్కడికి వెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది. పైగా చికిత్స తర్వాత పిల్లిని వేరుగా ఉంచాలి, అప్పుడే ఇన్సులిన్ అవసరం మారుతుంటుంది. థైరాయిడ్‌ను అణిచే మెథిమజోల్ మాత్ర అయితే ఇబ్బంది వస్తే ఆపేయొచ్చు. అందుకని పూటకు 1.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాం. ఇన్సులిన్‌ను ముందుగానే తగ్గించలేదు, కొత్త సెన్సర్ అంటించి ఒక నియమం పెట్టుకున్నాం: 80 కిందికి ఒక్కసారి దిగినా మరుసటి పూట నుంచే మోతాదు తగ్గుతుంది, ఎవరినీ అడగక్కర్లేదు, చేసి మాకు చెబితే చాలు.

మాత్రలతో వాంతులు పెరిగాయి. ఈ మందుతో అది మామూలే. చెవి లోపలి చర్మానికి రాసే జెల్ రూపానికి మార్చాం. గ్లవ్స్ వేసుకుని, ఒక పూట ఒక చెవి, ఇంకో పూట ఇంకో చెవి. జెల్ కాస్త నెమ్మదిగా పని చేస్తుంది, ఈ పిల్లికి ఆ నెమ్మదే మేలు చేసింది. బీపీకి ఆమ్లోడిపిన్ 0.625 మిల్లీగ్రాములు రోజుకోసారి. అది థైరాయిడ్ మందుతో కలిపి ఒకేసారి మొదలుపెట్టలేదు, మధ్యలో కొన్ని రోజులు విడిచాం. ఏదైనా తేడా వస్తే దేనివల్లో తెలియాలి కదా.

అనుకున్నట్టే గ్లూకోజ్ దిగడం మొదలైంది. ఒక తెల్లవారుజామున 68. ఆవిడ నియమం ప్రకారం 2 యూనిట్లకు తగ్గించి ఫోన్ చేశారు, గొంతులో టెన్షన్ ఉంది గానీ చేయాల్సింది అప్పటికే చేసేశారు. తర్వాత 1.5, చివరికి 1 యూనిట్ దగ్గర ఆగింది. టీ4 1.9కి వచ్చింది, క్రియాటినిన్ 2.9కి చేరింది. అంటే కిడ్నీ జబ్బు కాగితం మీద మూడో దశలో అడుగు పెట్టింది. ఇక్కడ చూడాల్సింది ఒకటుంది. మందు ఎక్కువై థైరాయిడ్ మరీ తగ్గిపోతే కూడా క్రియాటినిన్ పెరుగుతుంది, అప్పుడు మోతాదు తగ్గించాలి. ఈ పిల్లికి టీఎస్‌హెచ్ పెరగలేదు, కాబట్టి అది కొత్త నష్టం కాదు, ఇంతకాలం కప్పబడి ఉన్న అసలు అంకె. మందు ఆపలేదు.

ఈ మధ్యలోనే ఆయన అడిగారు: "ఇంజెక్షన్ లేకుండా నోటి మందు వచ్చిందట కదా, అది ఇవ్వొచ్చా డాక్టర్‌గారూ?" అడిగింది గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపేసే ఎస్‌జీఎల్‌టీ2 మందుల గురించి. అమెరికాలో బెక్సాగ్లిఫ్లోజిన్‌కు 2022 డిసెంబరులో, వెలాగ్లిఫ్లోజిన్‌కు 2023లో పిల్లుల కోసం అనుమతి వచ్చింది. కొత్తగా షుగర్ బయటపడి, మిగతా ఆరోగ్యం బాగున్న పిల్లులకు అవి మంచి మార్గమే. కానీ అప్పటికే ఇన్సులిన్ వాడిన పిల్లులకు ఇవ్వకూడదని వాటి లేబుళ్ల మీదే ఉంది. గ్లూకోజ్ మామూలుగానే కనిపిస్తూ లోపల కీటోన్లు పేరుకుపోయే ప్రమాదం ఉంది. మన పిల్లి బాగా చిక్కిపోయింది, ఇన్సులిన్ మీద ఉంది, కిడ్నీ జబ్బుంది. వద్దన్నాను.

ఎక్కడికి వచ్చింది

కొన్ని నెలల్లో బరువు 4.7 కిలోలకు పెరిగింది. మడమలు నేల మీద నుంచి కొంచెం లేచాయి, పూర్తిగా కాదు. వాంతులు అరుదయ్యాయి, బీపీ 150 లోపు. గ్లూకోజ్ ఇంట్లో ఎక్కువగా 130 నుంచి 280 మధ్య. నీళ్లు ఇప్పటికీ రోజుకు 300 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది. అది కిడ్నీల అవసరం, తాగనివ్వాలి. గిన్నెలు ఇంకో రెండు పెట్టమన్నాం.

ఇన్సులిన్ పూర్తిగా మాన్పించాలని ఆవిడకు ఆశ ఉండేది. కొత్తగా షుగర్ వచ్చిన పిల్లుల్లో మొదటి నెలల్లో గట్టిగా అదుపు చేస్తే అది జరుగుతుంది. ఇక్కడ ఆ లక్ష్యాన్ని తెలిసే వదులుకున్నాం. ఏడాది దాటిన షుగర్, దానికి తోడు కిడ్నీలు. గ్లూకోజ్‌ను 100 దగ్గర పట్టి ఉంచాలని చూస్తే షుగర్ పడిపోయే అంచున నడిపించినట్టే. 280 తాకినా పరవాలేదు, 70 తాకకూడదు. లక్ష్యం ఏదో ఇంట్లో వాళ్లతో ముందే మాట్లాడుకోకపోతే 280 కనిపించిన ప్రతిసారీ వాళ్లకు నిద్ర ఉండదు.

ఈ కేసు నుంచి నాకు మిగిలింది

ఒక లక్షణానికి ఇద్దరుముగ్గురు యజమానులుంటే, ఆ లక్షణాన్ని చూసి ఒక్కరి మందు మార్చకూడదు. దాహం, బరువు తగ్గడం, అతి ఆకలి మూడూ షుగర్‌వీ, థైరాయిడ్‌వీ. దాహం కిడ్నీది కూడా. ఇలాంటి పిల్లిలో ఇన్సులిన్‌ను మార్చాల్సింది ఇంట్లో తీసిన గ్లూకోజ్ అంకెలతోనే. ఫ్రక్టోసమీన్ కూడా థైరాయిడ్ అదుపులోకి వచ్చాకే లెక్కలోకి తీసుకున్నాం.

మోతాదు పెరుగుతూనే ఉందంటే ఎక్కడో ఆగి కారణం వెతకాలి. పూటకు కిలోకు 1.5 యూనిట్లు దాటితే ఇన్సులిన్ పని చేయట్లేదని పుస్తకాలు అంటాయి, ఈ పిల్లి 1.2 దగ్గర ఉంది. గీత దాటేదాకా ఆగక్కర్లేదు. థైరాయిడ్ దొరక్కపోయి ఉంటే తర్వాత చూడాల్సింది గ్రోత్ హార్మోన్ ఎక్కువయ్యే ఆక్రోమెగలీ. దానికి ఐజీఎఫ్-1 పరీక్ష ఉంది. ఇన్సులిన్ మొదలుపెట్టకముందు అది తప్పుగా తక్కువ రావచ్చు కాబట్టి కొన్ని వారాలు ఇన్సులిన్ పడ్డాకే చేయించాలి.

తినని పూట ఏం చేయాలన్నది మొదటి రోజే కాగితం మీద రాసివ్వాలి. కిడ్నీ జబ్బున్న పిల్లికి ఏదో ఒక రోజు తిండి సహించదు, అది ఖాయం. మేం రాసిచ్చింది ఇది: ముందు తిండి, తర్వాత ఇంజెక్షన్. సగం తింటే సగం మోతాదు. అసలు తినకపోతే ఇంజెక్షన్ ఆపి ఫోన్ చేయాలి. తూలితే, వణికితే చిగుళ్లకు తేనె గానీ గ్లూకోజ్ ద్రవం గానీ రాసి, మింగే స్థితిలో లేకపోతే నోట్లో పోయకుండా వెంటనే తీసుకురావాలి. ఒక రోజంతా తినకపోతే గ్లూకోజ్ ఎంతున్నా సరే తీసుకురావాలి, వచ్చేటప్పుడు కీటోన్ స్ట్రిప్ చూసి రావాలి. ఆవిడ దాన్ని ఫ్రిజ్ తలుపు లోపల, ఇన్సులిన్ సీసా పక్కనే అంటించుకున్నారు. ఆయన రాత్రి షిఫ్టు దిగి వచ్చి ఒక్కరే ఇంజెక్షన్ ఇవ్వాల్సిన రోజుల్లో ఎక్కువగా వాడింది ఆ కాగితమే.